జింక కార్డు, దున్నపోతు కార్డు

కంప్యూటర్ల మరమ్మతు దుకాణం నడిపే ఆయన్ని వీధిలో అందరూ అంకెల రాయుడు అంటారు. అనరూ మరి! కంప్యూటరు తెచ్చినవాడి పేరు అడక్కముందే దాని వేగమెంత, మెమరీ ఎంత అని అడుగుతాడు. తలనొప్పిగా ఉందని భార్య అంటే, పదికి ఎంత నొప్పి అన్నాడట. ఆ మహాతల్లి ఎలా వేగుతోందో గానీ, మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. ఇంటివాళ్లు పిలిస్తే సగం అన్నంలో లేచి వెళతాడు.

ఆ ఆదివారం పొద్దున్న పిలిచింది వదిన.

"నాయనా, నా గది మళ్లీ బిగుసుకుపోయింది. రేపు పదింటికల్లా వాళ్లకి చూపించాలి. ఒక్కసారి వచ్చి పోవూ?"

గదంటే ఒక లైబ్రరీవాళ్లు కట్టించబోయే చదువుల గది. కిటికీలు, అల్మరాలు, బల్లల చెక్క మీది గీతలతో సహా వదిన దాన్ని కంప్యూటర్లో గీసింది. చూసేవాళ్లకు తెరమీద ఆ గదిలో నడుస్తున్నట్టే ఉండాలి. పదేళ్ల కిందట ఆమె ఇలాంటివే గీసేది. బొమ్మలు మాటిమాటికీ మధ్యలో ఆగిపోతుంటే ఒకరోజు, "ఇది నా వల్ల అయ్యే పని కాదు" అని మానేసింది. పదేళ్లకు మళ్లీ దొరికిన మొదటి పని ఇది. రేపు గది కదలకపోతే పని చేజారుతుంది. ఆ తర్వాత ఆమె ఇంకెవరినీ పని అడగదని ఇంట్లో అందరికీ తెలుసు.

రాయుడు వెళ్లేసరికి వదిన కంప్యూటరు పెట్టె పక్కరేకు విప్పి, దుమ్ము తుడిచి సిద్ధంగా ఉంచింది. లోపల తెరమీద బొమ్మల్ని నడిపించే రెండు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు కనిపించగానే రాయుడి మొహం వెలిగింది. ఒకప్పుడు అతనే తెచ్చి పెట్టిన కార్డు. జింక అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నాడు.

"దీనికి వంక పెట్టేవాడు పుట్టలేదు వదినా. తప్పు ఇంకెక్కడో ఉంది."

గుమ్మంలో కూర్చుని పేపరు చదువుతున్న అన్నయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "అటక మీద నేను కొన్న పాతది ఉందిగా. అదీ పెట్టి చూడరాదూ?"

"ఆ దున్నపోతునా! నీకు దండం పెడతా అన్నయ్యా, దాన్ని అటక మీదే పడుకోనీ."

ఈ వెక్కిరింత వయసు పదేళ్లు. జింకకు రెండు జీబీ మెమరీ, కానీ పరుగే పరుగు. దున్నపోతుకు నాలుగు జీబీ, కానీ కదలదు. రాయుడు ఏ కార్డునైనా ఒకే కార్ల పందెం ఆట మీద మూడు చుట్లు తిప్పి, సెకనుకు ఎన్ని బొమ్మలు పడ్డాయో నోటుబుక్కులో రాస్తాడు. అదే అతనికి వేదం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

వదిన స్టూలెక్కి దున్నపోతును దించింది. కాదనలేక రాయుడు రెండింటినీ పందెంలోకి దింపాడు. జింక యాభై ఎనిమిది. దున్నపోతు ముప్పై ఒకటి.

"చూశారా! పదేళ్లయినా అంకె అబద్ధమాడదు."

"చాల్లే సంబడం," అంది వదిన. "రేపొచ్చేవాళ్లు కార్లు తోలడానికి రావడం లేదు. దున్నపోతు ఎలాగూ లోపలే ఉందిగా, నా గది తెరిచి చూడు."

తెరిచాడు. తలుపు తెరుచుకుంది. నెమ్మదిగానే, నిజమే. కిటికీ వెలుతురు బల్ల మీద పడింది. జింకతో గది ఎప్పుడూ బిగుసుకుపోయే మూడో అల్మరా వచ్చింది, దాటిపోయింది. నాలుగోది, ఐదోది... గది చివరిదాకా నడిచి వెనక్కి తిరిగినా ఎక్కడా ఆగలేదు.

రాయుడు మెమరీ ఎంత వాడుతోందో చూశాడు. దాదాపు మూడు జీబీ. రెండు జీబీల జింకలో ఈ గది పట్టనే పట్టదు. సంచి చిన్నదైతే మోసేవాడు ఎంత పరుగెత్తి ఏం లాభం?

అలవాటు కొద్దీ పాత అంకెలతో సరిచూద్దామని నోటుబుక్కు మొదటి పేజీలకు తిప్పాడు. అక్కడ తన రాతే ఉంది. 'దున్నపోతు 31, జింక 58. వదిన కంప్యూటర్లో దున్నపోతు తీసేసి జింక పెట్టాను.' కింద పదేళ్లనాటి తేదీ.

రాయుడు గతుక్కుమన్నాడు. వదిన పని మానేసింది ఆ తర్వాత నెలలోనే. ఆమె అడగలేదు, తానే మేలు చేస్తున్నాననుకుని మార్చాడు. ఆమె గీసిన గదిని ఒక్కసారైనా తెరిచి చూడలేదు. పుస్తకం మూసేస్తే ఎవరికీ తెలియదు. గది ఎలాగూ నడుస్తోంది, అందరూ సంతోషంగానే ఉన్నారు.

మూయలేకపోయాడు. పేజీ తెరిచే ఆమె ముందు పెట్టాడు.

"వదినా, అప్పుడు నీ బొమ్మలు బిగుసుకుపోయింది నా వల్లే. నీ పని పాడు చేసింది నేనే. ఏమని క్షమించమనను?"

ఆమె ఆ రెండు వరుసలూ చదివింది. మళ్లీ చదివింది. అన్నయ్య పేపరు మడిచాడు.

"పెద్ద పెద్ద గదులు గీస్తుందని చెబితే కొట్టువాడే ఈ కార్డు ఏరి ఇచ్చాడురా. నువ్వు నవ్వావు, చదువుకున్నవాడివి కదా అని ఊరుకున్నాను."

రాయుడికి తల ఎత్తబుద్ధి కాలేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది.

వదిన కళ్లు తడిశాయి. కానీ ఆ గొంతులో కోపం లేదు.

"అయితే, అప్పుడు నాకు చేతకాక కాదన్నమాట."

"కాదు వదినా. ఎంతమాత్రం కాదు."

"పదేళ్లూ అలాగే అనుకున్నాను నాయనా," అంది. పమిట చెంగుతో కళ్లొత్తుకుని కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకుంది. "కిటికీ పక్కన ఇంకో రెండు అల్మరాలు పెట్టాలని మొదటినుంచీ ఉంది. ఆగిపోతుందేమోనని భయపడి మానేశాను. పెట్టనా?"

"పెట్టు వదినా," అన్నాడు రాయుడు. ఎన్ని జీబీలవుతాయని మాత్రం అడగలేదు.