బలక్కె తిప్పు

ఆ ఆదివారం పొద్దున ముత్యాలప్పకు కాఫీ సహించలేదు. అందులో కాఫీ తప్పేమీ లేదు, భార్య అక్కయమ్మ ఎప్పటిలాగే చిక్కగా కలిపి ఇచ్చింది. వాకిట్లో కొడుకు చేసే పని చూస్తూ తాగవలసి వచ్చింది, అదీ తంటా.

కొడుకు చేతన్ తన ఎర్ర కారు ముందు మూత ఎత్తిపెట్టి, చేతులకు నల్ల రబ్బరు గ్లవుసులు తొడుక్కుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ దూర్చి, బ్యాటరీ మీద ఆనించిన ఫోనులో వీడియో చూస్తూ, కంపెనీవాళ్ళు బుద్ధిగా బిగించి పంపిన పొగగొట్టాన్ని పీకుతున్నాడు. పీకిన నట్లన్నీ వాళ్ళమ్మ దోసెల పెనంలో వేస్తున్నాడు. ఆ పెనం మీద రేపు దోసె పోస్తే తినేదెవరు? 

గోడవారగా అట్టపెట్టెల్లోంచి తీసిన కొత్త సామాను పరిచి ఉంది. అద్దంలా తళతళలాడే గొట్టం ఒకటి, దాని కొసకు కాల్చి తెప్పించిన నీలిరంగు. గాలి పీల్చడానికి పైన కప్పైనా లేని ఎర్ర ఫిల్టరు. కారును నేలకు దించే పొట్టి స్ప్రింగులు. రాతి క్వారీల దుమ్ము ఎగిరే ఈ దారుల్లో ఆ ఫిల్టరు వారం తిరక్కుండా మట్టి మింగుతుంది. ఊరికి పది స్పీడు హంపులుండే చోట ఆ స్ప్రింగులతో కారు పొట్ట గీసుకుంటూ పోతుంది. ఇవన్నీ ముచ్చటపడి తెప్పించుకున్నాడు ఈ మహానుభావుడు.

"బాగుండేదాన్ని ఎందుకురా పీకుతాండావు?" అన్నాడు ఉండబట్టలేక.

"సౌండ్ కోసం నాయనా. పవర్ కూడా పెరుగుతాది."

"మా డిపోలో సైలెన్సర్ పగిలి ఆ సౌండ్ వస్తే బస్సును రిపేరుకు నిలబెడతా ఉంటిమి. నువ్వు కొరియర్‌లో తెప్పించుకుంటాండావా?"

"నీకు అర్థం కాదులే. ఇది బస్సు కాదు."

నీకు అర్థం కాదులే. ముప్పై రెండేళ్ళు కర్ణాటకలో, చింతామణి బస్సు డిపోలో గుంటలో దిగి, నెత్తిన నల్లనూనె కారుతుంటే ఇంజన్ల కింద బతికినవాడికి అర్థం కాదట. ఏడ్చినట్టే ఉంది. ముత్యాలప్ప కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు, మళ్ళీ రెండు నిమిషాలకే ఇటు తిప్పుకున్నాడు.

ముత్యాలప్పకు ఆస్తి అంటూ ఉంటే అది ఒక్క పేరే. ముత్యాలప్ప చేతిలో స్టడ్డు విరగదు అనే పేరు. ఇంజనులోకి దిగివుండే మరచీలను స్టడ్డు అంటారు. తుప్పుపట్టిన నట్టును మొరటుగా తిప్పితే నట్టు రాదు, ఆ చీలే పుటుక్కుమని లోపల విరిగిపోతుంది. విరిగిందా, ఇక దాన్ని బయటికి తీయడానికి పడాల్సిన పాట్లు పగవాడికి కూడా వద్దు. ముప్పై రెండేళ్ళలో ముత్యాలప్ప ఒక్కటి కూడా విరగ్గొట్టలేదు. ఈ సంగతి చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి దాకా గ్యారేజీల్లో అందరికీ తెలుసు. రిటైరై రెండేళ్ళైనా, అతని దగ్గర పని నేర్చుకుని బాగేపల్లి రోడ్డులో షెడ్డు పెట్టుకున్న ధనుంజయ, మొండి కేసు ఏదైనా వస్తే ఫోన్ చేస్తాడు. "అప్పా, ఒకసారి వచ్చిపోతావా" అంటాడు. ఆ మాట కోసమే ముత్యాలప్ప ఇప్పటికీ పొద్దున్నే గడ్డం గీసుకుంటాడు. ఇంట్లో పనీపాటా లేని ముసలాడుగా మిగలకుండా అతన్ని కాపాడేది ఆ ఫోనే.

కొడుకు ఒక్కనాడూ ఏమీ అడగలేదు. అడగనివ్వలేదు అనడం న్యాయం. చిన్నప్పుడు స్పానరు ముట్టుకోబోతే, "గ్రీసు నాతోనే పోనీ, నువ్వు బుక్కు పట్టుకో" అని కసిరాడు. కసిరినందుకు వాడు చదివాడు, చిక్కబళ్ళాపురంలో ఏసీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే పని సంపాదించాడు, అరచేతులు వెన్నముద్దల్లా తయారయ్యాయి. ఇప్పుడు ఆ చేతులు ఎవడో ముక్కూమొహం తెలియని వీడియోవాడు చెప్పినట్టు ఆడుతున్నాయి. చూస్తుంటే రోత పుడుతోంది, కళ్ళు మాత్రం తిప్పుకోలేకపోతున్నాడు.

పొగగొట్టానికి ఇంజను దగ్గర నాలుగు నట్లు. మూడు వచ్చాయి. నాలుగోది రానంది. అది మంగళూరులో సముద్రపుగాలికి నాలుగేళ్ళు తిరిగిన సెకండ్ హ్యాండ్ కారు, తుప్పు లోపలిదాకా తిని ఉంటుంది. చేతన్ ఏదో స్ప్రే కొట్టాడు. స్పానరు జారి వేలి కణుపులు చెక్కుకుపోయాయి. వీడియో వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. వీడియోలో నట్టు పువ్వు కోసినట్టు ఊడివచ్చింది, ఇక్కడ రాలేదు.

చివరికి తల ఎత్తకుండానే అన్నాడు. "నాయనా, ఇది రాలేదు. ఏం చెయ్యల్ల?"

ముత్యాలప్ప కుర్చీలోంచి లేచిన తీరు చూసి అక్కయమ్మ గడప లోపల నవ్వుకుంది. టార్చి పట్టుకుని వచ్చాడు. లోపలికి వంగి నట్టును చూశాడు, వేలితో తడిమాడు. దాని మందు అతనికి తెలుసు. బిగుసుకుపోయిన నట్టును తిన్నగా విప్పబోకూడదు. ముందు ఇంకాస్త బిగించే వైపు, వెంట్రుకవాసి, అంతే, తిప్పాలి. తుప్పు పట్టు వదులుతుంది. ఆ తర్వాత విప్పితే చెప్పినట్టు వింటుంది.

"నువ్వు చెప్పు, నేను తిప్పుతా," అన్నాడు చేతన్.

ముత్యాలప్ప కన్ను నట్టు మీదే ఉంది. స్పానరు మూతి నట్టు మీద కూర్చోగానే నోరు డిపో గుంటలోకి దిగిపోయింది.

"ఫస్టు బలక్కె తిప్పురా," అన్నాడు. తర్వాతి మాట, కొంచెం అనే మాట, నాలుక కొసన ఉంది.

పుటుక్కుమంది.

ముత్యాలప్ప తల ఎత్తాడు. చేతన్ చేతిలో స్పానరు ఉంది, దాని కొసకు మూరెడు ఇనప పైపు తగిలించి ఉంది. వీడియోలో చెప్పారట, పైపు పెడితే బలం పెరుగుతుందని. ఆ పైపు పట్టుకుని, రెండు కాళ్ళూ తన్నిపెట్టి, విప్పే వైపుకు లాగి పారేశాడు. నట్టు, విరిగిన స్టడ్డు ముక్క, రెండూ కింద పడ్డాయి.

"ఏం చేసినావురా?"

"నువ్వే గదా బలంగా తిప్పమంటివి."

"బలంగా అన్ల్యా. బలక్కె అంటిని."

"రెండూ ఒకటే గదా?"

ఒకటి కాదు. కన్నడంలో బల అంటే కుడి, ఎడ అంటే ఎడమ. డిపోలో టీ తాగేటప్పుడు అందరిదీ తెలుగే, గుంటలో దిగితే మాత్రం పాత ఫోర్‌మన్ నేర్పిన కన్నడమే. ఎడక్కె అంటే విప్పడం, బలక్కె అంటే బిగించడం. ముప్పై రెండేళ్ళలో ఆ రెండు మాటలకు తెలుగు ఉందని ముత్యాలప్పకు ఒక్కనాడూ గుర్తుకు రాలేదు.

"కుడిపక్క అని చెప్పింటే అయిపోతా ఉండె," అన్నాడు చేతన్, అది కన్నడమని అర్థమయ్యాక. "ఆఫీసులో దినమంతా కన్నడమే మాట్లాడతా, నాకు బలక్కె తెలీదా? ఇంట్లో నువ్వెప్పుడైనా నాతో కన్నడం మాట్లాడినావా? తెలుగులో చెప్తాండావు అనుకుంటి. అయినా విప్పేదానికి ఎవురైనా బిగిస్తారా?"

 ముత్యాలప్పకు పైపు పెట్టిన వాడి మీద అసహ్యం, మాట సగం చెప్పిన తన నోటి మీద అంతకు రెండింతల అసహ్యం. 

విరిగిన ముక్కను తీయడానికి వెల్డింగు కావాలి. అది ధనుంజయ షెడ్డులోనే ఉంది. టమేటా మోసే ఆటో ఒకదాన్ని పిలిచి, తాడు కట్టి, కారును ఈడ్చుకుపోయారు. రోడ్డు మీద జనం చూస్తుంటే చేతన్ నల్లద్దాలు పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న ముత్యాలప్ప తల దించుకున్నాడు.

షెడ్డు ముందు ఇద్దరు డ్రైవర్లు తమ బండ్ల కోసం కాచుకుని ఉన్నారు. ధనుంజయ చేతులు తుడుచుకుంటూ వచ్చి లోపలికి తొంగిచూశాడు. నాలుక చప్పరించాడు.

"ఎవురప్పా ఈ ఘనకార్యం చేసింది? పైపు పెట్టి లాగినట్టుండారు. వాని చేతికి స్పానర్ ఇచ్చినోళ్ళను తన్నల్ల."

డ్రైవర్లు నవ్వారు. చేతన్ మెడ ఎర్రబడింది, ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. వాడు నోరు తెరిస్తే ఏమంటాడో ముత్యాలప్పకు తెలుసు. నాయన చెప్పినట్టే చేసినా అంటాడు. బలక్కె, బలంగా అని ఇద్దరూ ఈ షెడ్డులో కాట్లాడుకోవాలి, వీళ్ళంతా వినాలి.  అదీగాక మాట తనది. సగం మాట.

"నేనే," అన్నాడు ముత్యాలప్ప.

ధనుంజయ తిరిగి చూశాడు. "నువ్వా?"

"నేనేలే. ఇరిగిపాయ."

 ధనుంజయ నమ్మలేదు. నమ్మలేదని అతని కళ్ళే చెప్పాయి, ఆ కళ్ళు చేతన్ మీదికి తిరిగాయి. ఇప్పుడైనా వాడు ఒక్క మాట అంటే చాలు.

చేతన్ ఫోన్ లోంచి తల ఎత్తాడు. "అవునన్నా. నేను వద్దంటానే ఉంటి. నాయనకు ముందర మాదిరి చెయ్యి నిలవదు ఇప్పుడు."

 ముత్యాలప్ప కొడుకు మొహం వైపు చూశాడు. ఆ మొహంలో సిగ్గు లేదు, బరువు దిగినవాడి హాయి ఉంది. పళ్ళు తోమి, నీళ్ళు పోసి, అన్నం పెట్టి పెంచిన మొహం అది.

ధనుంజయ గొంతు మెత్తబడిపోయింది. ఆ మెత్తదనం తిట్టుకన్నా హీనంగా తగిలింది.

"పోనీలేప్పా. వయసు గదా. నువ్వు అట్ల నీడలో కూర్చో, నేను చూసుకుంటా," అని ఒక స్టూలు తెచ్చి ఇంజనుకు దూరంగా, రోడ్డు వైపు వేశాడు. టీ తెప్పించాడు. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగు చేశాడు, చల్లారనిచ్చాడు, మెల్లగా తిప్పాడు. మామూలుగా ఐతే పని మధ్యలో మూడుసార్లు అడిగేవాడు, ఇది సరేనా అప్పా, అని. ఈరోజు ఒక్కసారీ అడగలేదు. ముక్క బయటికి వచ్చాక కూడా అతనికి చూపించలేదు.

కొత్త గొట్టం కూడా రేపు తానే బిగించి ఇస్తానన్నాడు. తండ్రీకొడుకులు బస్‌స్టాండ్ వైపు నడిచారు. చేతన్ ఉషారుగా ఉన్నాడు.

"మంచి పని చేసినావు నాయనా. నేను అని తెలిసింటే వాడు చింతామణంతా చెప్పి నవ్వతా ఉండె. నా ఫ్రెండ్సంతా వాని తావుకే వస్తారు."

ముత్యాలప్ప నాలుగడుగులు వేసి అడిగాడు. "నా గురించి చెప్పడా?"

"చెప్తే చెప్పనీ. నీకేం నాయనా," అన్నాడు చేతన్, "నువ్వు రిటైరైనావు గదా."