రెండూ ఎడమ చేతులే

నేను ఒక కత్తెరని. గుడ్డ కత్తెరని. పాలప్యాకెట్లు చించే జాతి కాదు నాది. ముందే చెబుతున్నాను, నాకు కోపంగా ఉంది.

మీరట్‌లో ఒక పాత లారీ కమాన్ కట్ట ఉక్కును కాల్చి, సాగదీసి, సాన పట్టి నన్ను చేశారు. అక్కణ్ణుంచి నరసరావుపేట వచ్చి మస్తాన్ మాస్టరు చేతిలో పడ్డాను. డెబ్బై దాటాక కూడా ఆయన గుమ్మంలో మనిషిని చూసి, టేపు తీయకుండానే భుజం కొలత చెప్పేవాడు. భోజనం చేశాడో లేదో మరిచిపోయేవాడు గానీ, మనవరాలు వస్తే మొహం వెలిగిపోయేది. ముసలితనాన్ని అంత దగ్గరగా చూశాను. ఆ మాట చెప్పి నన్ను ఎవరూ మోసం చేయలేరు.

పోయేముందు ఆయన నన్ను శిష్యుడు నాగూర్ మీరాకి ఇచ్చాడు. చేతికి ఇవ్వలేదు. బల్ల మీద పెట్టాడు, మీరా తీసుకున్నాడు. కత్తెర చేతి నుంచి చేతికి మారితే ఆ ఇద్దరి మధ్యా గొడవ వస్తుందని దర్జీల నమ్మకం. మనుషులు గొడవకి కారణం కత్తెరలో వెతుకుతారు, తమ నోట్లో వెతకరు.

మీరా, తమ్ముడు జిలానీ కలిసి దుకాణం పెట్టారు. మీరా కటింగ్, జిలానీ కుట్టు. మీరా భార్య హుసేన్‌బీ కాజాలు, గుండీలు చూసుకునేది. బాగానే నడిచింది.

ఒక వేసవిలో మీరాలో ఏదో ఆగిపోయింది. ఎవరూ చనిపోలేదు, ఏదీ నష్టపోలేదు. ఊరికే ఆగిపోయింది. రేడియో కట్టేశాడు. తెల్లవారకముందే లేచి గోడ చూస్తూ కూర్చునేవాడు. ఉప్పులేని కూర పెట్టినా మాట్లాడకుండా తినేసేవాడు. సుద్దముక్క పట్టుకుని గుడ్డ మీదకు వంగి, గీత గీయకుండా అలాగే ఉండిపోయేవాడు. నన్ను పట్టుకున్న వేళ్లలో బలం ఉంది, కానీ మనిషి లేడు.

అప్పుడే ఆ షేర్వాణీ పాడైంది. ఒక చెయ్యి కోశాక గుడ్డ తిరగేసి రెండోది కోయాలి. ఆయన తిరగెయ్యలేదు.

"మాస్టారూ, నాకు రెండూ ఎడమ చేతులే అనుకున్నారా ఏంది?" అని ఖాతాదారు నవ్వాడు. దుకాణమంతా నవ్వింది. మీరా కూడా నవ్వబోయాడు, రాలేదు.

"అన్న పెద్దోడయ్యాడు లెండి, మతిమరుపు," అన్నాడు జిలానీ.

యాభై ఒక్కేళ్ల మనిషిని!

హుసేన్‌బీ ఊరుకోలేదు. "అది మతిమరుపు కాదు జిలానీ. మీ అన్నకి మనసు బాలేదు. గుంటూరులో డాక్టరమ్మ ఉందంట, చూపిద్దాం."

"పిచ్చి డాక్టరా? నీకు దణ్ణం పెడతా వదినా, ఆ మాట పైకనమాక. మావోడికి సంబంధాలు చూస్తన్నాం. పెదనాన్నకి పిచ్చంటే పిల్లనెవురిస్తారు? వయసని చెప్పు, ఎవురూ ఏమీ అనరు."

నిజమే. పిచ్చి అంటే పిల్లనివ్వరు. ముసలితనం అంటే కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ వేశారు కూడా, దుకాణం బయట మెట్ల పక్కన. గొడవెందుకని హుసేన్‌బీ నోరు మూసుకుంది. మీరా ఆ కుర్చీలో రెండేళ్లు కూర్చున్నాడు. నేను జిలానీ పాలయ్యాను. అట్టపెట్టెలు కోశాడు, కొరియర్ కవర్లు చించాడు. గుడ్డ కత్తెరతో కాగితం కోస్తే పదును చస్తుందని వాడికి తెలియదా? నా పదును చచ్చాక, "పాతబడిపోయింది" అన్నాడు. పాడుచేసి, పాతబడిందనడం. అన్ననీ అలాగే అన్నాడు.

ఒకరోజు మీరా భార్యను పిలవబోయి ఆగిపోయాడు. ఆమె పేరు గుర్తు రాలేదు. పక్కనే నిలబడి హుసేన్‌బీ ఆ వెతుకులాట చూసింది. ఎవరికీ చెప్పకుండా మర్నాడే గుంటూరు బస్సెక్కించింది. తన కత్తెర పక్కన ఉంటే ఆయన కాస్త కుదురుగా ఉంటాడని నన్నూ సంచిలో వేసుకుంది.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. స్కాన్ తీయించింది.

"ఇది ముసలితనం కాదమ్మా, డిప్రెషన్. మందులున్నాయి. ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లండీ."

"ఇన్నాళ్లు ఏం చేశారు? దీన్ని వదిలేస్తే మెదడు వయసు కంటే ముందే ముసలిదవుతుంది. జ్ఞాపకాలుండే చోటు కుంచించుకుపోవచ్చు. ముసలితనం వచ్చి ఇలా అయ్యారని మీరనుకున్నారు. ఇలా వదిలేయడం వల్ల ముసలితనం వస్తోంది."

"పోయిందంతా మళ్లీ వస్తదా?"

"చాలావరకు వస్తుంది. అంతా వస్తుందని మాటివ్వలేను."

సంచిలో నేను రగిలిపోయాను. అబద్ధాన్ని చెప్పి చెప్పి నిజం చేయబోయారు వీళ్లు!

హుసేన్‌బీ మాత్రల్ని గుండీల డబ్బాలో దాచింది. కొన్ని వారాలు ఏమీ జరగలేదు. తర్వాత ఒకరోజు అన్నం ముందు కూర్చుని మీరా, "ఇందులో ఉప్పేదే?" అన్నాడు. ఆమె గబగబా వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఇంకొన్నాళ్లకు కుర్చీలోంచి లేచి వచ్చి నన్ను తీసుకుని, అంచు మీద బొటనవేలు పెట్టి చూశాడు. "దీంతో కాగితం కోసింది ఎవడ్రా?" అని అరిచాడు. నన్ను సాన పట్టించాడు.

జిలానీ కొడుక్కి సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి ఖాజావలీ పెళ్లికొడుకు సూటు గుడ్డ తీసుకుని దుకాణానికి వచ్చాడు. మీరా నన్ను పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లాడు.

జిలానీ అడ్డొచ్చాడు. "అన్నకి వయసైపోయిందండీ. నేను కోస్తాలెండి."

"వయసు కాదండీ," అన్నాడు మీరా. "నాకు డిప్రెషన్. మనసు జబ్బు. మందు వాడతన్నా, తగ్గతా ఉంది."

ఖాజావలీ టీ గ్లాసు కింద పెట్టాడు. గుడ్డ తీసుకుని వెళ్లిపోయాడు.

"నా కొడుకు బతుకు బుగ్గి చేశావు గదన్నా!" జిలానీ చెయ్యి చాచాడు. "ఇలా తే ఆ కత్తెర!"

మీరా నన్ను బల్ల మీద పెట్టలేదు. తమ్ముడి అరచేతిలో పెట్టాడు.

జిలానీ ఉలిక్కిపడ్డాడు. "చేతికిస్తావేంది? గొడవలవుతయ్!"

"అవ్వాలనే ఇచ్చా. గొడవ వద్దనేగా అందరం నోరు మూసుకుంది? నా పెళ్లాం పేరు మర్చిపోయాన్రా నేను. ఇయ్యాల గొడవ పడదాం, రా!"

జిలానీ నన్ను విసిరికొట్టాడు. నాపరాయి మీద పడి నా మొన విరిగింది. అన్నదమ్ములు వీధి వీధంతా వినేలా తిట్టుకున్నారు. మీరా గొంతు అంత గట్టిగా విని ఎన్నాళ్లయిందో. నేలమీద పడి ఆనందంగా విన్నాను.

ఆ సంబంధం చెడలేదు. ఎవరికి భయపడి ఒక మనిషి మెదడును ఎండబెట్టారో, ఆ ఖాజావలీ వారం తిరక్కముందే గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "భుజం దగ్గర బాగా కుదరాలి మాస్టారూ," అన్నాడు. అంతే. ఆ రెండేళ్లు ఇక ఎవరిస్తారు? జిలానీ ఇస్తాడా?

మొన విరిగిన కత్తెర గుడ్డకి పనికిరాదు. మీరా కొత్తది కొన్నాడు. ఆయన జ్ఞాపకం పూర్తిగా తిరిగి రాలేదు, ఇకముందు వస్తుందో లేదో తెలియదు. అందుకే గుడ్డ ముట్టేముందు ప్రతి చేతినీ కాగితం మీద గీసి, ఎడమ, కుడి అని రాసి, కోసి పెట్టుకుంటాడు.

ఆ కాగితాలు కోసేది నేనే.