రెండో పిడికెడు

"ఊరి పిల్లల ముక్కులు తుడవడానికా నిన్ను కట్టుకున్నది?" అన్నాడు జ్ఞానయ్య, పాలపొడి కలుపుతున్న భార్యని చూసి. నవ్వుతూనే అన్నాడు. ఆయన ఎప్పుడూ నవ్వుతూనే అంటాడు. తిరిగి ఒక్క మాటంటే "సరదాకన్నాను, అంతలోకే మూతి ముడుచుకోవాలా?" అనడానికి వీలుగా ఉంటుంది గదా మరి! సౌభాగ్యమ్మ తెల్లారకముందే లేచి, వాకిలి ఊడ్చి, నీళ్ళు తోడి, ఆయన బడికి తొడుక్కెళ్ళే చొక్కా ఇస్త్రీ చేసి, వంట దించి, ఆ తర్వాతే చర్చి పక్కనున్న ఈ పాకలోకి వచ్చింది. ఇంటిపనిలో ఏం తక్కువైందో చెప్పమంటే ఆయన చెప్పలేడు.

చల్లపల్లికి కాస్త దూరంలో ఉన్న పల్లె అది. ఊడ్పుల రోజుల్లో తల్లులంతా చేలల్లో దిగితే, చంటిపిల్లలు కాలవగట్ల మీద ఉండేవాళ్ళు. నిరుడు, ఊడ్పులకి పోయిన కూలిమనిషి రాజకుమారి రెండేళ్ళ కూతురు ఆకలికి గోడమన్ను గీక్కుని తింటూ సౌభాగ్యమ్మ కంటబడింది. నోట్లో వేలు పెట్టి మన్ను తీయబోతే, ఆ పిల్ల ఆ వేలినే చీకింది. అమ్మో, ఆ చీకడం! సౌభాగ్యమ్మ మర్నాడే బ్లాకు ఆఫీసుకి వెళ్ళి, తల్లీపిల్లల పనులు చూసే గ్రామసేవికని పట్టుకుంది.

"పాలపొడి మేమిస్తామండీ. బియ్యం, కట్టెలు, వండే మనుషులు మీ ఊరివాళ్ళే. ఊరి వాటా ఆగిందంటే మా వాటా కూడా ఆగిపోతుంది, ముందే చెబుతున్నాను," అందావిడ.

చర్చి సంఘం పాక ఇచ్చింది. కట్టెలు రైతుల వీధి నుంచి పెద్దింటావిడ రాజ్యలక్ష్మిగారు పంపారు. బియ్యానికే చిక్కొచ్చింది. చర్చి చుట్టూ ఉన్న పేటలో ప్రతి ఆడదీ ఎసట్లో పోసేముందు దేవుడి పేర ఒక పిడికెడు తీసి కుండలో వేస్తుంది. అది ఆదివారం చర్చికి పోతుంది. "పిల్లల పేర రెండో పిడికెడు తీద్దామా?" అని సౌభాగ్యమ్మ ఇంటింటికీ తిరిగి అడిగింది. తీశారు. ఆ రెండో పిడికెడు ఎక్కణ్ణుంచి వస్తోందో మగవాళ్ళెవరూ అడగలేదు. వాళ్ళ కంచాల్లో ఏమీ తగ్గలేదు గదా, ఎందుకడుగుతారు? చివర్న తినే మనిషి కంచంలోనే తగ్గింది. అలా ముప్ఫైమంది పిల్లలు రోజూ గంజి, పాలు తాగారు. రాజకుమారి కూతురు మన్ను మానేసింది.

ఈసారి ఊడ్పులకి నెలరోజుల ముందునుంచే కూడబెట్టిన బియ్యం రెండు బస్తాలయ్యాయి. అప్పుడన్నాడు జ్ఞానయ్య, ఎన్నడూ లేనంత మెత్తగా. "సౌభాగ్యం, ఈ ఆదివారం పిల్లల బియ్యం కూడా చర్చిలో కానుకల బల్ల దగ్గర పెట్టించు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తారు. దీవెన లేని పని నిలబడదు."

ఆయన తన పనిని పని అన్నాడు! పెళ్ళయిన పన్నెండేళ్ళలో మొదటిసారి. ఆ ఒక్క మాటకే పొంగిపోయింది పిచ్చి మనిషి. తనే ముందు నడిచి, బస్తాలు మోయించి, బల్ల దగ్గర పెట్టించింది.

ప్రార్థన అయింది. సంఘ కార్యదర్శి జ్ఞానయ్య లేచి నిలబడ్డాడు. "స్త్రీలు అర్పించిన ఈ బియ్యం అమ్మి, ఆ డబ్బు గంటస్తంభం కట్టడానికి వాడాలని పెద్దలం నిర్ణయించాం. బల్ల దగ్గర పెట్టింది దేవుడిది. వెనక్కి తీసుకునే ఆచారం లేదు."

సౌభాగ్యమ్మ ఆయన వంకే చూసింది. ఆయన కాగితం వంక చూశాడు.

ఇంటికొచ్చాక అడిగింది. "మీకు ముందే తెలుసా?"

"తెలియకేం? పెద్దలం శుక్రవారమే అనుకున్నాం."

"మరి నాతో ప్రార్థన అన్నారేం?"

"లేకపోతే తెచ్చేదానివా?" నవ్వాడు. "అయినా ఆడవాళ్ళ చేతికింద రెండు బస్తాల బియ్యముంటే పేటలో మాకు నామర్దా కాదూ? వడ్డించవే, ఆకలేస్తోంది."

వడ్డించింది. చేతులు వాటంతటవే వడ్డించాయి. పెద్దలు లాక్కుని ఉంటే పోట్లాడేది, ఏడ్చేది, రాజ్యలక్ష్మిగారి దగ్గరికి పరిగెత్తేది. లాక్కోలేదే! తన చేతులతోనే పెట్టించారు. దేవుణ్ణి అడ్డం పెట్టి మరీ పెట్టించారు. ముప్ఫైమంది తల్లులు తనని నమ్మి కడుపు మాడ్చుకుని తీసిన బియ్యమది. రేపు పొద్దున వాళ్ళు పిల్లల్ని దించి చేలోకి పోతారు. పొయ్యి మీద ఏమీ లేదని ఎవరికి చెప్పాలి? బియ్యం లేవని తెలిస్తే గ్రామసేవిక పాలపొడి డబ్బాలు వెనక్కి పట్టుకెళుతుంది. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాడు ఈ మనిషి. తను దేనికి మెత్తబడుతుందో కనిపెట్టడానికే ఉన్నాడు కాబోలు. కోపం రాలేదామెకి. అసహ్యమేసింది, ముందు తనమీద, తర్వాత ఆయనమీద.

సోమవారం మధ్యాహ్నం జ్ఞానయ్య బడి నుంచి భోజనానికొచ్చాడు. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. బియ్యం డబ్బా లేదు, పెద్ద గిన్నె లేదు, గరిటె కూడా లేదు. విసవిసా పాక దగ్గరికొచ్చాడు. పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. రాజకుమారి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఆ పూట చేలోకి పోకుండా, వాళ్ళ ఇళ్ళ నుంచి తెచ్చిన బియ్యం గిన్నెలతో నిలబడి ఉన్నారు.

"ఏమిటిది? ఇంట్లో పొయ్యి వెలిగించలేదేం?" గదమాయించాడు.

"వెలిగించానండీ, ఇక్కడ," అంది సౌభాగ్యమ్మ, గరిటె ఆపకుండా. "ఇకనుంచి మనింటి వంట ఇక్కడే. ఆ చివర్న కూర్చోండి. పిల్లలు తిన్నాక, ఆడవాళ్ళం తిన్నాక, మిగిలితే పెడతాను."