వేరుశనగ మడి మీద ఎనిమిది మొహాలు

నేను ఒక ఫ్లెక్సీని. ఇరవై అడుగుల పొడుగు, పన్నెండడుగుల వెడల్పు. ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం స్టేషన్ రోడ్డులోని గఫార్ దుకాణంలో పుట్టాను. నాతోపాటు ఆ రోజే ఒక చెవులు కుట్టే వేడుక, రెండు దశదినకర్మలు, ఒక బిర్యానీ హోటలు పుట్టాయి. నేను మాత్రం విశ్వవిద్యాలయానికి పుట్టాను. ఆ గర్వం నాకు వారం రోజులు కూడా నిలవలేదు.

నన్ను పురమాయించడానికి వచ్చినాయన దశరథరామయ్య. ఆ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఎస్టేట్ ఆఫీసరు. భవనాలు, తోటలు, సభలు ఆయన చూసుకోవాలి. అవార్డు సన్మాన సభ కోసమని పెన్‌డ్రైవ్‌లో ఎనిమిది ఫోటోలు తెచ్చాడు. వీసీ గారు నిలువెత్తున, రిజిస్ట్రార్ నడుము దాకా, డీన్లు మెడ దాకా, తను వాళ్ళ పక్కన. ఎవరి మొహం ఎంతుండాలో గఫార్‌కి చెప్పడానికే గంటన్నర పట్టింది.

"ఇంతకీ అవార్డు ఎవరికొచ్చినాది సార్?" అన్నాడు గఫార్.

"మా స్టూడెంటుకే. చౌడేశ్వరి అని."

"ఆ పాప ఫోటో లేదే?"

"స్థలముంటే కింద మూలకెయ్."

గఫార్ వేశాడు, వేరుశనగ కాయంత. తర్వాత తాడు కట్టడానికి నా మూలల్లో రింగులు కొడుతుంటే ఒక రింగు సరిగ్గా ఆ అమ్మాయి నుదుటి మీద పడింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

చౌడేశ్వరి అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. వాన మొహం చాటేసినా కాయ నిలుపుకునే వేరుశనగ రకాన్ని తయారుచేస్తోంది. రెండు పంటల ఫలితాలు చూసి ఢిల్లీలో ఒక సంస్థ యువ శాస్త్రవేత్త పురస్కారం ప్రకటించింది. మూడో పంట కూడా గట్టెక్కితేనే ఆ విత్తనం రైతు చేతికి వెళుతుంది. ఆ మూడో పంట ఆడిటోరియం వెనక మడిలో ఉంది. నలభై రోజులు దానికి చుక్క నీరు తగలకూడదు. అదే పరీక్ష. ఆమె పురస్కారం అందుకోవడానికి రైలెక్కే నాటికి ముప్ఫై ఒక్క రోజులయ్యాయి. నవంబరులో ఫెలోషిప్ ముగుస్తుంది. ఆపైన ఆమెకు అక్కడ మడీ లేదు, గదీ లేదు.

సన్మానం ఆ మడి దగ్గరే జరగాలని వీసీ గారికి ముచ్చట పుట్టింది. పొలంలో నిలబడితే ఫోటో బాగుంటుందట. దశరథరామయ్య వచ్చి మడి చూశాడు. ఆకులు ముడుచుకుని, మొక్కలు దిగాలుగా ఉన్నాయి. వెంటనే ట్యాంకరు పిలిపించాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఆ పొలాల్లో పనిచేస్తున్న ఓబులేసు అడ్డం పోయాడు.

"సార్, దీనికి నీల్లు బెట్టగూడదు. ఆ పాప పరీచ్చ నడస్తాండాది."

"ఎండిపోయిన చేలో వీసీ గారిని నిలబెట్టమంటావా? రేపు పేపర్లో మన పరువేం కావాలి?"

మడి గట్టు మీద ఎర్రక్షరాలతో 'నీళ్ళు పెట్టరాదు' అన్న బోర్డు ఉంది. ఫోటోలో అసహ్యంగా ఉంటుందని ఆయన దాన్ని పీకించాడు. ఆ గుంటలోనే నా వెదురుబొంగు పాతించాడు. కంచే చేను మేయడం నేను కళ్ళారా చూశాను. నాకు సిగ్గేసింది, కానీ ఫ్లెక్సీ సిగ్గుపడితే ఎవరికి తెలుస్తుంది?

సన్మానం రోజు పొద్దున చౌడేశ్వరి స్టేషన్ నుంచి సంచితో సహా నేరుగా మడి దగ్గరికే వచ్చింది. మొక్కలు పచ్చగా తలలెత్తి నిలబడ్డాయి. ఆమె కూలబడి గుప్పెడు మట్టి తీసి పిసికింది. మట్టి ముద్దయింది.

"ఎప్పుడు పెట్టినారు?"

"మొన్న ఒకతూరి, నిన్న ఇంగోతూరి. నేను జెప్పినా పాపా, ఇనలా. నీకు ఫోన్ జేస్తే రైల్లో ఉంటివి, కలవలా." ఓబులేసు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆమె ఏడవలేదు. ఆ మట్టి ముద్దను చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

పదకొండింటికి సభ. నా మీద ఉన్న ఎనిమిది మందీ నా ముందు కూర్చుని ఒకరినొకరు పొగుడుకున్నారు. విశ్వవిద్యాలయం సాధించిన విజయం అన్నారు, వీసీ గారి దూరదృష్టి అన్నారు. పురస్కారం ఏ పంటకొచ్చిందో ఒక డీన్ గారు పక్కాయన్ని అడిగి తెలుసుకున్నారు. చివర్లో ఆమెకు రెండు నిమిషాలిచ్చారు.

"ఈ రకం గొప్పతనం నీళ్ళు లేకుండా బతకడం," అంది చౌడేశ్వరి. "దీనికి రెండు ట్యాంకర్ల నీళ్ళు పెట్టారు. ఈ పంట ఇంక లెక్కలోకి రాదు. ఇన్నాళ్ళ పని పోయింది."

అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళకి మైకు ఆగితే చప్పట్లు కొట్టడం అలవాటు. వీసీ గారు లేచి, "చూశారా, మనం నీళ్ళు పెట్టిన సంగతి కూడా మరిచిపోకుండా చెప్పింది. కృతజ్ఞత అంటే ఇదీ!" అన్నారు. మళ్ళీ చప్పట్లు. నెలాఖరున వచ్చిన విశ్వవిద్యాలయ వార్తాపత్రికలో మొదటి పేజీ శీర్షిక: 'వీసీ చొరవతో పచ్చబడిన పరిశోధన క్షేత్రం'. అంత చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ నవ్వు రాలేదు.

నన్ను చుట్టచుట్టి ఆడిటోరియం వెనక గదిలో పడేశారు. అక్కడ నాకంటే ముందువి పదిహేడు ఉన్నాయి. అన్నిటి మీదా అవే మొహాలు.

చౌడేశ్వరి దగ్గర ఇంకొంచెం విత్తనం మిగిలింది. రబీ దాకా ఆగడానికి గడువు లేదు. అందుకని జూలైలోనే వేసింది. అది వానల కాలం. ఇప్పుడు మడి మీద వాన పడకుండా కాయాలి. రేకుల పందిరి కోసం పెట్టుకున్న అర్జీ బల్ల నుంచి బల్లకు తిరుగుతూనే ఉంది. అప్పుడు ఓబులేసుకు నేను గుర్తొచ్చాను. వెదుర్లు పాతి, మడి చుట్టూ కాలవ తవ్వి, నన్ను పైన పందిరిగా కట్టారు.

దశరథరామయ్య అటుగా వచ్చి అదిరిపడ్డాడు. "వీసీ గారి మొహం మీద వాన పడేలా కడతారా? తిరగెయ్యండి!"

"తిరగేస్తే మీ మొహాలు మొక్కలకి తప్ప ఎవరికీ కనపడవు సార్," అంది చౌడేశ్వరి.

ఆయన నా మీద తన మొహం ఎక్కడుందో వెతికి చూసుకున్నాడు. అలాగే ఉండనివ్వమని వెళ్ళిపోయాడు.

నిన్న సాయంత్రం జోరున వాన కురిసింది. గాలికి మూడు మూలల తాళ్ళు సడలాయి. ఆమె నుదుటి మీది రింగుకు కట్టిన తాడు మాత్రం సడలలేదు. అది ఆమె స్వయంగా వేసిన ముడి. ఎనిమిది మొహాల మీదా దబదబా పడి, నీళ్ళన్నీ కాలవలోకి జారిపోయాయి. జన్మలో మొదటిసారి నేను ఒక పనికొచ్చాను, వాళ్ళ చేత కూడా ఒక పని చేయించాను.

వాన వెలిశాక చౌడేశ్వరి నా కిందికి పాక్కుంటూ వచ్చింది. గుప్పెడు మట్టి తీసి పిసికింది. అది వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా రాలింది.

బయటి నుంచి ఓబులేసు కేకేశాడు. "రాసుకో పాపా, నలభయ్యో రోజు!"