పరుపుల గది

మా ఆయన ఆర్కిటెక్టు. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ కట్టి, చివరికి మాకూ ఒకటి కట్టారు.

"కాంక్రీటుకి ప్లాస్టరింగు చేయడమంటే దాని నోరు నొక్కడమే" అనేవారు. అందుకని గోడల మీద పోతకి కట్టిన సెంట్రింగ్ చెక్కల గీతలు అలాగే వదిలేశారు. హాలు రెండంతస్తుల ఎత్తు, మధ్యలో అడ్డుగోడే లేదు. తోటవైపు నేల నుంచి కప్పు దాకా అద్దం. కింద ముఖం కనిపించేంత నునుపైన నల్లరాయి. కర్టెన్లు వద్దు, తివాచీలు వద్దు. సోఫా మీద ఒక దిండు అదనంగా వేసినా ఆయన ముఖం మాడిపోయేది. చూడటానికి అద్భుతమే, అబద్ధమాడను. వచ్చినవాళ్లు నోరెళ్లబెట్టేవారు. తుడిచే నాకు మాత్రం నడుం విరిగేది.

అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లూ మా అత్తగారు వసపిట్ట. నాతో మాట్లాడేవారు, ఫోన్లో మాట్లాడేవారు, ఎవరూ లేకపోతే మిక్సీతో అయినా మాట్లాడేవారు. ఆ ఇరుకు ముందుగదిలో, బట్టలు ఆరేసిన తీగ కింద కూర్చుని తల్లీకొడుకులు గంటలు గంటలు వాదించుకునేవారు. ఆయన గీసిన ప్రతి ప్లానూ ముందు ఆవిడే చూడాలి. "వంటింట్లోకి వెలుతురేదిరా?" అని ఆవిడ తిడితే గాని ఆయనకు పని పూర్తయినట్టు ఉండేది కాదు.

కొత్తింట్లోకి వచ్చాక ఆవిడకు మాట పడిపోయినట్టయింది. హాల్లో ఏమడిగినా ఒక నవ్వు, ఒక "ఊఁ". భోజనాల దగ్గర అందరం మాట్లాడుతుంటే మా ముఖాలు మార్చి మార్చి చూసి, కంచంలోకి తల దించుకునేవారు.

చేరిన కొత్తలోనే ఆయన ఆ అద్దం ముందు నిలబడి, "అమ్మా, ఇల్లెలా ఉంది?" అని అడిగారు. ఆ జవాబు కోసం ఎంతగా కాచుక్కూర్చున్నారో నాకు తెలుసు. లోకమంతా మెచ్చుకున్నా ఆయనకు ఆనదు, అమ్మ చెప్పాలి.

ఆవిడ నవ్వి, "ఊఁ" అన్నారు.

"అంతేనా?"

"ఊఁ."

ఆయన ముఖం చిన్నబోయింది.

నేనే చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఫైళ్లు, కుర్చీలు, దళసరి కర్టెన్లతో కిక్కిరిసిన చిన్న గది. అక్కడ అడిగినవాటన్నిటికీ ఆవిడ టకటకా సమాధానాలు చెప్పి, డాక్టరు పిల్లల చదువుల దాకా ఆరా తీశారు. "వయసుకి తగ్గ చెవుడే. మాటలు బాగానే అందుతున్నాయి" అన్నాడు డాక్టరు.

దాంతో మా ఆయన అనుమానం గట్టిపడింది. "చూశావా? బయట అందరితో మాట్లాడుతుంది. ఇంట్లోనే మూతి ముడుచుకుంటుంది. నచ్చలేదని నోటితో చెప్పొచ్చుగా!"

"పెద్దవారయ్యారు కదండీ..."

"నువ్వు వెనకేసుకురాకు."

ఆవిడ పగలంతా మెట్ల కింది సామాన్ల గదిలో కూర్చోవడం మొదలుపెట్టారు. అదనపు పరుపులు, రగ్గులు, పాత దుప్పట్లు కప్పు దాకా పేర్చిన గది. పిలవడానికి వెళితే నాకూ చోటు చేసి, "కూచో అమ్మాయ్, ఇక్కడ బాగుంది" అని మళ్లీ పాత మనిషయిపోయి కబుర్లు. ఇరుకుకి అలవాటుపడ్డ ప్రాణం అనుకున్నాను.

ఒకరోజు ఆయన ఆఫీసు నుంచి రాగానే, ఆవిడ ఆ గది గుమ్మంలోంచి చేత్తో పిలిచారు. "ఇలా రారా, కాసేపు మాట్లాడుకుందాం."

"ఇంత హాలు కట్టింది నువ్వెళ్లి గోదాంలో కూర్చోడానికా?" అని ఆయన హాల్లోంచే అరిచారు. ఆ అరుపు గోడ నుంచి గోడకి కొట్టుకుంది. ఆవిడకు మాటలు అందాయో లేదో, కోపం మాత్రం అందింది. తలుపు నెమ్మదిగా దగ్గరకు వేసుకున్నారు. మళ్లీ ఎప్పుడూ పిలవలేదు.

చలికాలం మొదట్లో నిద్రలోనే పోయారు.

చుట్టాలొచ్చారు. అంతమందికీ పడకలు కావాలి కదా, హాలంతా ఆ పరుపులే పరిచాం. రగ్గులు మెట్ల కమ్మీ మీద వేశాం. ఎండ ముఖాన కొడుతోందంటే అద్దానికి దుప్పట్లు కట్టాను. ఆయనకు వద్దనే ఓపిక కూడా లేదు.

మర్నాడు హాలు ఆ చివర గోడకానుకుని అత్తగారి అక్క కూర్చున్నారు. ఆవిడకూ చెవులు మందమే. ఈ చివర నుంచి ఆయన నీరసంగా, "పెద్దమ్మా, మంచినీళ్లు తాగుతావా?" అన్నారు.

"వద్దు నాన్నా, ఇందాకే తాగాను" అన్నారావిడ, అంత దూరం నుంచి.

ఆయన లేచి, హాలు మధ్యకు వెళ్లి ఒక్క చప్పట కొట్టారు. చుట్టాలు మతి పోయిందేమోనని చూశారు. మా హాల్లో స్పూను కిందపడినా ఆ చప్పుడు గోడలన్నీ చుట్టి వచ్చేది. ఇప్పుడు పరుపులు, దుప్పట్ల మధ్య చప్పట పుట్టినచోటే ఆగిపోయింది.

"అమ్మకి వినపడలేదే..." అన్నారు నా వైపు తిరిగి. "ఈ గోడల మోతలో మనం మాట్లాడిందేదీ అమ్మకి అందలేదే!"

అంత మనిషీ పరుపు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. ఎవరిదో సినిమా హాలుకి దగ్గరుండి శబ్దం మారుమోగకుండా గోడలన్నిటికీ మెత్తటి పలకలు వేయించిన మనిషి, మా ఇంటికొచ్చేసరికి కళ్లతోనే కట్టారు. నాకు జాలి వేసింది. కోపమూ వచ్చింది.

చుట్టాలు వెళ్లాక పరుపులు మళ్లీ ఆ గదిలో సర్దాం. అద్దానికి కట్టిన దుప్పట్లు విప్పబోతే వద్దన్నారు. నేను మిగిలిన దిండ్లు పట్టుకుని వెళ్లేసరికి గది తలుపు దగ్గరకు వేసి ఉంది. లోపల ఆయన గొంతు. అరవడం లేదు, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టే ఉంది.

"అమ్మా, ఇల్లెలా ఉంది?"

దిండ్లు గుండెలకు హత్తుకుని బయటే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డా లోపల్నుంచి ఇంకే మాటా రాలేదు.