కాజాలమ్మ

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. వంటగదిలో కోడలు. వసారాలో, బస్సు డ్యూటీకి సెలవు పెట్టి కూర్చున్న కొడుకు. ముందురోజు సాయంత్రం రెండు ఖాళీ సంచులు పట్టుకుని పక్క ఊరి నుంచి దిగిన కూతురు. పరీక్షలకు చదువుకోమని బడిలో సెలవిస్తే ఇంట్లో ఉండిపోయిన తొమ్మిదో తరగతి మనవరాలు. అయిదో మనిషి వీధిగదిలో, కిటికీ కింద చాప మీద కాళ్ళు చాపుకుని, ఒళ్ళో నల్లకోటు పరుచుకుని, దారానికి మైనం రాస్తోంది. పదిన్నరకు టైలరు వచ్చాక ఆరుగురయ్యారు.

అయిదో మనిషిని వీధిలో అందరూ కాజాలమ్మ అంటారు. గుండీ దూరే చిల్లు చుట్టూ ముడి మీద ముడి వేస్తూ, అంచు చిరగకుండా కట్టడం ఆమె పని. పదమూడో ఏట మొదలుపెట్టింది. ఇప్పటికి యాభై ఏడేళ్ళు. కాలరు కుట్టలేదు, జేబు కుట్టలేదు, ఒక్క చొక్కా అయినా మొదటినుంచి చివరిదాకా కుట్టలేదు. కాజాలే. తన బట్టలకు మాత్రం హుక్కులు. ఊళ్ళో సగంమంది ఛాతీల మీద ఆమె పని ఉంది కానీ ఆమె ఒంటి మీద ఒక్క కాజా లేదు.

ఆమె మెడ ఎడమవైపుకు కొంచెం ఒరిగిపోయింది. కుడిచేతి చూపుడువేలి కొస మీద చర్మం చెప్పు అట్టలా గట్టిపడింది. సూది గుచ్చుకున్నా రక్తం రాదు. కళ్ళజోడు ఒక పక్క విరిగితే దారంతో చెవికి కట్టుకుంది. నెల రోజులుగా, గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే ఆయాసం వస్తోంది. పాదాలు ఉబ్బాయి.

"గుండె బాగా అలిసిపోయింది. మంచం దిగనివ్వకండి," అన్నాడు డాక్టరు.

"అలిసిపోతే దాన్ని పడుకోమను. నాకు పనుంది," అంది ఆమె.

డాక్టరు నవ్వాడు. కొడుకు నవ్వలేదు. టైలరుకు ఫోను చేసి, ఇక మా అమ్మకు పని ఇవ్వకండి, ఇచ్చింది వచ్చి పట్టుకెళ్ళండి అని చెప్పాడు. చెల్లెల్ని పిలిపించాడు. అమ్మను కొన్నాళ్ళు ఆ ఊరు తీసుకుపోతే సూదీ దారం కంటికి కనపడవని వాళ్ళ ఆలోచన. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఖాళీ సంచులు చూసి ఆమే గ్రహించింది. పొద్దున నీళ్ళు తాగుతూ, "సంచులు ఖాళీగా వచ్చాయి, ఖాళీగానే పోతాయి," అని ఒక్కమాట అని మైనం తీసుకుంది.

భర్త పోయేనాటికి కూతురు చంటిపిల్ల. అప్పుడు ఆమె పెద్ద బజారులో ఒక కొట్టుకు పనిచేసేది. ఆడవాళ్ళు ముందుగదిలో కూర్చుంటే బేరాలు రావని యజమాని ఆమెను వెనక మెట్ల మీద కూర్చోబెట్టాడు. కూర్చుంది. కాజాకు నాలుగు ముడులు తగ్గించు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు ఒకరోజు. "గుండీకి తెలుస్తుంది," అంది ఆమె. అతను మళ్ళీ అన్నాడు. చంటిపిల్లను చంకనేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని, మెట్లు దిగి వచ్చేసింది. ఆ తర్వాత పనికోసం ఏ కొట్టుకూ వెళ్ళలేదు. పనే ఆమె ఇంటికి వచ్చేది. కాజాలు వేసే మిషను వచ్చాక చొక్కాలు రావడం మానేశాయి. కోట్లు మాత్రం కొన్ని ఇంకా వస్తున్నాయి.

ఈ కోటు లాయరమ్మది. మూడు కాజాలు. అందరూ మూడూ ఒకేసారి కోసి, తర్వాత కుడతారు. ఆమె ఒకటి కోసి, అది పూర్తిచేసి, గుండీని రెండు కుట్లతో టాకా వేసి దూర్చి చూసుకున్నాకే రెండోది కోస్తుంది. రెండు అయిపోయాయి. మూడోదానికి సుద్దగీత గీసి ఉంది.

టైలరు వచ్చి కోటు ఎత్తి వెలుతురులో తిప్పాడు. ముఖం మారిపోయింది.

"పెద్దమ్మా, ఇది లాయరమ్మ కోటు."

"లాయరయ్యదని నేనన్నానా?"

"ఆడవాళ్ళ కోటుకి కాజాలు కుడివైపు రావాలి కదా. ఎడమవైపు కోసేశారు."

కోసిన గుడ్డ మళ్ళీ అతకదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కోడలు వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కూతురు గొంతు తగ్గించి, తల్లి అక్కడ లేనట్టు, "చూశావా అన్నయ్యా, అమ్మకి తెలియట్లేదు," అంది.

కొడుకు చాప పక్కన గొంతుకు కూర్చున్నాడు. "చాలా చేశావమ్మా. ఇక చాలు. ఎవరూ ఏమీ అనుకోరు."

"ఎవరేమనుకుంటారని నేనడిగానా?" అని ఆమె టైలరు వైపు తిరిగింది. "ఆ సంచిలో కొలతకి ఇచ్చిన పాతకోటుంది. తియ్యరా."

తీశాడు.

"మోచేతులు చూడు."

"అరిగిపోయాయి."

"కాజాలు?"

కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశాడు. "బాగానే ఉన్నాయి. కొత్తవాటిలా ఉన్నాయి."

"నీ మిషను కాజాలవి. ఏడాది వాడితే పీచు లేవాలి. ఎన్నేళ్ళ కోటు?"

"నాలుగేళ్ళు. నేనే కుట్టాను."

"నాలుగేళ్ళలో ఒక్క గుండీ దూరలేదు. ఎందుకో అడిగావా? కొలతలు తీసిన మొనగాడివి నువ్వేగా."

టైలరు తల గోక్కున్నాడు. ముక్కు తుడుచుకోవడం రాని వయసు నుంచి అతను ఆమెకు తెలుసు.

"తొడుక్కో," అంది ఆమె. "ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని గుండీ పెట్టు."

టైలరు భుజాల మీద లాయరమ్మ పాతకోటు బిగుతుగా ఎక్కింది. ఎడమచెయ్యి వీపుకు ఆనించి, కుడిచేత్తో రెండు అంచులూ దగ్గరకు లాగాడు. ఒకటి అందితే ఒకటి జారింది. గుండీ ఎడమ అంచున ఉండి వేళ్ళకు ఎదురుతిరుగుతోంది. నుదుట చెమట పట్టింది. మనవరాలికి నవ్వు ఆగలేదు, పుస్తకం అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు ఇది."

కొత్తకోటు తొడుక్కున్నాడు. బిగుతు అదే, కానీ గుండీ కుడివైపు ఉంది. కుడిచేతి బొటనవేలు దానిమీద ఆనించి తోశాడు. దూరింది. రెండోదీ దూరింది. అతను కిందికి చూసుకుంటూ ఉండిపోయాడు.

"బజార్లో చూశాను ఆవిడని," అంది ఆమె, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. "కాగితాల కట్ట ఎడమ మోచేతి మడతలో ఇరికించుకుని అన్నీ కుడిచేత్తోనే చేసుకుంటోంది. ఆ ఎడమ వేళ్ళు వంగవు. అందరి ముందూ కోటు తెరుచుకుని నిలబడుతోంది కానీ నోరు తెరిచి చెప్పుకోదు. ఎందుకు చెప్పుకోవాలి?"

"నాతో ఒక్కమాట అనొచ్చుగా పెద్దమ్మా."

"ఆడవాళ్ళ కోటు అలా ఉండదంటావు."

"అంటాను," అని ఒప్పుకున్నాడు టైలరు. కోటు విప్పి, మడత పడకుండా ఆమె ఒళ్ళో పెట్టాడు. "మూడోది ఎప్పుడిస్తారు?"

"ఇవ్వదు," అన్నాడు కొడుకు. "పొరపాటు కాదు సరే. మరి డాక్టరు చెప్పింది?"

"డాక్టరు చొక్కాకి కాజాలు ఎవరేశారో కనుక్కో ముందు," అని ఆమె మనవరాలిని పిలిచింది. "అమ్మడూ, మూడు సూదులకి దారం ఎక్కించు. తర్వాత వీళ్ళందరినీ అవతలికి పంపి తలుపు వెయ్యి. నా వెలుతురుకి అడ్డం."

మనవరాలు మూడు సూదులకూ దారం ఎక్కించి చాప అంచున వరసగా గుచ్చింది. మేనత్త బయటికి నడిచింది. టైలరు వసారాలో బల్ల మీద కూర్చుని, ఉంటానన్నాడు, ఎంతసేపైనా.

గంటన్నర తర్వాత అతనే తలుపు తోస్తాడు. మూడు కాజాలూ పూర్తయి, దారం తెంపి, కోటు మడిచి ఉంటుంది. ఆమె గోడకు ఆనుకుని, తల ఎప్పటిలాగే ఎడమకు వాల్చి ఉంటుంది. అతను రెండుసార్లు పిలుస్తాడు, మూడోసారి పిలవడు. పై సోమవారం లాయరమ్మ మూడు గుండీలూ తన చేత్తో తనే పెట్టుకుని కోర్టు మెట్లు ఎక్కుతుంది. కానీ అదంతా తర్వాతి సంగతి.

"తలుపు వెయ్యకు," అన్నాడు కొడుకు తన కూతురితో. "ఏమైనా అయితే ఎలా తెలుస్తుంది?"

ఆ పిల్ల నాన్న మాటకు ఎప్పుడూ ఎదురుచెప్పలేదు. ఇంటికి ఎవరైనా వస్తే వంటగదిలోకి తప్పుకునే పిల్ల. గుమ్మంలో నిలబడి నాన్న ముఖం చూసింది, వెనక్కి తిరిగి నానమ్మను చూసింది. నానమ్మ అప్పటికే కత్తెర మొన సుద్దగీత మీద పెట్టింది.

"నాన్నా, మీరు కాస్త జరగండి," అంది.

అతను జరిగాడు.

"ఇదీ పట్టుకుపో," అని లోపల్నుంచి నానమ్మ, పొద్దున తన వీపు వెనక కోడలు పెట్టిన దిండు లాగి మనవరాలి వైపు నెట్టింది. "కూర్చుని చేసే పనికి దిండెందుకు?"

మనవరాలు దిండు తీసుకుని, తలుపు దగ్గరగా లాగి, మూసింది.

దిండు ఒక పక్క లోతుగా నొక్కుకుపోయి ఉంది, గలీబుకు నల్లదారం ముక్కలు రెండు అంటుకుని ఉన్నాయి.