నాలుగు జాబితాల్లో ఉల్బోసిన్

మార్చి వచ్చిందంటే నా బల్ల మీద కాగితాలు పేరుకుంటాయి. మొదటి నాలుగైదేళ్లు వాటిని విప్పుతుంటే కాస్త కుతూహలంగా ఉండేది. ఇప్పుడది లేదు.

అల్మాటీలో మా ప్రకటనల సంఘానిది రెండు గదుల ఆఫీసు. దేశంలోని సెర్చ్ మార్కెటింగ్ ఏజెన్సీలన్నిటినీ ఒక పట్టికలో వరుసగా నిలబెట్టడం నా పని. ఎవరైనా ఇంటర్నెట్‌లో పళ్ల డాక్టరు కోసమో, కారు టైర్ల కోసమో వెతికితే తమకు డబ్బు కట్టే ఖాతాదారు పేరే ముందు కనబడేట్టు చూడటం ఆ ఏజెన్సీల వ్యాపారం. ఏడాది రాబడి ఎంత, డిసెంబరు ముప్పై ఒకటి నాటికి సిబ్బంది ఎందరు, మనిషికి ఎంత రాబడి పడింది, ఇవీ మా పట్టికలో గళ్లు. ఎనిమిది మందికి తక్కువుంటే పట్టికలో చోటు లేదు, అడుగున చిన్న అక్షరాల్లో పేరు మాత్రం వేస్తాం. పెద్ద ఖాతాదారులు ఏజెన్సీని ఎంచుకునేది ఆ పట్టిక చూసే. కాబట్టి అందరికీ సిబ్బంది ఎక్కువమంది ఉన్నట్టు కనబడాలి, మనిషికి పడే రాబడి మాత్రం తగ్గకూడదు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో నేనే చెప్పాలన్నట్టు ఫోన్లు చేస్తుంటారు.

కిందటేడు దీనిమీద గొడవ ముదిరి, ఒకరి లెక్క దొంగలెక్కని మరొకరు ఉత్తరాలు రాశారు. అందుకని ఈసారి సిబ్బంది పేర్లు, ఫోను నంబర్లతో సహా సంతకం పెట్టి పంపాలని మా అధ్యక్షుడు సెరిక్బోల్ నియమం పెట్టాడు. నియమం పెట్టింది ఆయన, చదవాల్సింది నేను. ఇరవై మూడు ఏజెన్సీలు, ఆరువందల పైచిలుకు పేర్లు.

మూడో రోజున ఒక పేరు దగ్గర నా కళ్లు ఆగాయి. ఉల్బోసిన్ సెయిత్కాలియేవా. వచ్చే కాన్పులోనైనా మగపిల్లాడు పుట్టాలని మా అమ్మ కాలంలో ఆడపిల్లలకు పెట్టిన పేరది. ఏజెన్సీల్లో పనిచేసే ఈ కాలపు పిల్లల్లో అలాంటి పేరు ఉండదు. మధ్యాహ్నానికి అదే పేరు ఇంకో జాబితాలో కనబడింది. మర్నాడు మరి రెండింటిలో. నాలుగుచోట్లా ఊరు కరగండా, నంబరు ఒకటే, పని ఖాతాదారుల సైట్లకు వ్యాసాలు రాయడం.

ఫోన్ చేశాను. నేనెవరో, ఆ సంతకాల జాబితాలేమిటో చెప్పి, "ఈ నాలుగు ఏజెన్సీల్లోనూ మీరు పనిచేస్తున్నారాండీ?" అని అడిగాను.

"ఐదింటికి చేస్తానమ్మా," అంది అవతలి గొంతు. "ఐదోవాళ్లు నా పేరు రాయలేదా? పోనీలే, వాళ్లు కాస్త నయం."

"ఉద్యోగమేనా?"

"ఏం ఉద్యోగం. దేని గురించి రాయమంటే దాని గురించి రాసి పంపుతాను. పేజీకి ఇంతని ఇస్తారు. తొమ్మిదేళ్ల బట్టీ ఇదే. ప్లాస్టిక్ కిటికీల గురించి నా అంత రాసినవాళ్లు ఈ దేశంలో ఉండరు. మా ఇంట్లో మాత్రం ఇంకా చెక్క కిటికీలే."

నవ్వలేదు ఆవిడ. బహుశా ఆ మాట చాలాసార్లు చెప్పి ఉంటుంది.

"చెల్లీ, ఒకటి అడగనా," అంది. "నేను తమ మనిషినని వాళ్లు సంతకం పెట్టి పంపారన్నావు కదా. ఆ కాగితం నకలు నాకివ్వగలవా?"

"ఎందుకక్కా?"

"కుడి మణికట్టులో నరం నొక్కుకుపోయింది. రెండు వేళ్లకు స్పర్శ లేదు. ఆపరేషన్ చేసి మూడు నెలలు టైపు కొట్టొద్దంటున్నాడు డాక్టరు. ఉద్యోగస్తులకైతే సెలవుంటుంది. నాకెవరిస్తారు? నలుగురు నన్ను తమ మనిషంటున్నారు కదా, ఒక్కడైనా ఇస్తాడేమో చూద్దామని."

ఆ కాగితాలు బయటికివ్వడానికి నాకు హక్కు లేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు, చూస్తానన్నాను.

సెరిక్బోల్‌కి చెబితే ఆయన పట్టిక వంకే చూస్తూ, "నలుగురికీ తలా పావు వేసెయ్ జౌరేష్. నాలుగు పావులు కలిస్తే ఒక మనిషే కదా," అన్నాడు.

"ఆవిడకి చెయ్యి పనిచేయడం లేదు."

"అది మన గళ్లలో లేదమ్మా." మాట అనేశాక కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, ఒక మనిషి ఒక జాబితాలోనే ఉండాలి. నలుగురికీ ఉత్తరం రాయి. ఉద్యోగ ఒప్పందం చూపించినవాళ్లకే ఆవిడ."

ఆ ఉత్తరం మీద నేను ఆశ పెట్టుకున్నాను. పేరు పోతే సిబ్బంది తగ్గుతారు, ఆ భయంతో ఎవరో ఒకరు ఒప్పందం రాసుకుంటారనుకున్నాను. పన్నెండేళ్లుగా వాళ్ల లెక్కలు చూస్తూ కూడా అలా ఎలా అనుకున్నానో తెలియదు. మొదటి జవాబు గంటలోపే వచ్చింది. టైపింగు పొరపాటట, పేరు తీసేయమన్నారు. సాయంత్రానికి ఇంకో రెండు వచ్చాయి. ఒకరైతే ఆవిడెవరో తమకు తెలియనే తెలియదన్నారు.

నాలుగో ఏజెన్సీ యజమానురాలు వెనేరా జవాబు రాయకుండా తనే వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

"అక్కా, ఉల్బోసిన్ లేకపోతే మేం ఏడుగురం," అంది. "అడుగున చిన్న అక్షరాల్లోకి పోతాం. ఆ అక్షరాలు ఎవరూ చదవరు."

"ఒప్పందం ఉందా?"

"లేదు. మొన్న నవంబరులో ఇద్దరిని ఒక పెద్ద ఏజెన్సీవాళ్లు లాక్కుపోయారు. వాళ్లకి తొంభై మందట, అందులో సగం మంది రోజంతా పేకాడుకుంటున్నా అడిగేవాళ్లు లేరు. నా ఖాతాదార్లు ఒక్కొక్కరే, 'ఇప్పుడు వ్యాసాలు యంత్రం రాస్తోంది కదమ్మా, నీకెందుకివ్వాలి' అంటున్నారు. నేను దొంగలెక్క రాయలేదక్కా. నిజంగా పనిచేసే మనిషి పేరే రాశాను. నా దగ్గర ఉన్నవాళ్లలో అసలు పనిచేసేది ఆవిడే."

"చెయ్యి పడిపోతోందని నీకు తెలుసా?"

వెనేరా తలెత్తింది. "చెయ్యా? మొన్న సోమవారం కూడా పదకొండు వ్యాసాలు పంపింది."

"ఎడమ చేత్తో కొట్టి ఉంటుంది."

నేను పాలు పోసి టీ ఇస్తే తాగకుండా కప్పు చుట్టూ వేళ్లు పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి, చూస్తానక్కా అని వెళ్లిపోయింది. చూస్తానంటే ఏమిటో నాకు తెలుసు, నేనూ అదే మాట అని ఉన్నాను.

మూడో రోజు ఒప్పందం వచ్చింది. రెండువైపులా సంతకాలు, ముద్ర, అన్నీ ఉన్నాయి. తేదీ మాత్రం ఈ మార్చిలోది. మా లెక్క డిసెంబరు ముప్పై ఒకటి నాటిది. రెండుసార్లు చదివి ఫోన్ తీశాను. చెప్పకుండా ఊరుకుంటే బాగుండునని కూడా అనిపించింది, కానీ పట్టిక అచ్చయ్యాక ఎలాగూ తెలిసేదే.

"వెనేరా, ఇది ఈ ఏడు పట్టికకు పనికిరాదు. డిసెంబరులో ఆవిడ మీ మనిషి కాదు."

"వెనకటి తేదీ వేస్తే?"

"నేను తీసుకోలేను."

ఆమె వెనకాల ఎవరో ప్రింటరు మొరాయించిందని తిట్టుకుంటున్నారు.

"అయితే చింపెయ్యమంటావా?" అని అడిగింది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే నన్నడిగినట్టుంది.

"అది నేను చెప్పేది కాదమ్మా."

"నిన్న ఆవిడకి చదివి వినిపించానక్కా. 'సెలవు' అన్న మాట దగ్గర మళ్లీ చదవమంది." ఊపిరి వదిలింది. "రాసేశాను కదా. ఉండనీ. చిన్న అక్షరాల్లోనే వెయ్యి."

అలాగే వేశాను. పట్టిక వచ్చిన రోజు తొంభై మంది ఏజెన్సీ రాబడిలో మొదటిది, మనిషికి పడేదాంట్లో పద్నాలుగోది. వాళ్లు ఫోన్ చేసి అరగంట గొడవపడ్డారు. విని పెట్టేశాను.

ఏప్రిల్ చివర సంఘం పని మీద అస్తానా వెళ్లి, తిరుగు ప్రయాణంలో కరగండాలో దిగాను. ఉల్బోసిన్ ఇల్లు నాలుగో అంతస్తులో. తలుపు తీసిన మనిషి నేననుకున్నదానికన్నా పొట్టిగా ఉంది, కుడి చేతికి కట్టు. ఆపరేషన్ అయ్యి పన్నెండు రోజులు. వంటింట్లో కూర్చోబెట్టి ఎడమ చేత్తోనే టీ పోసి, నూనెలో వేయించిన పిండి ఉండలు, చల్లారిన బౌర్సాక్‌లు, ముందు పెట్టింది. నేను లేచి సాయం చేయబోతే కూర్చోమంది.

"మిగతావాళ్లలో ఇద్దరు పని ఇవ్వడం ఆపేశారు చెల్లీ," అంది. "నీ ఉత్తరం వెళ్లిన వారంలోనే."

ఆ మాట కోసం రైలెక్కినప్పటి నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాను. "నా వల్లే అక్కా," అన్నాను.

"కొంత నీ వల్లే," అంది ఆవిడ, అదేదో సర్దిచెప్పాల్సిన విషయం కానట్టు. "కానీ వాళ్లు ఎలాగూ ఆపేవాళ్లే. ఈ మధ్య యంత్రం రాసింది నాకు పంపి తప్పులు దిద్దమంటున్నారు. టైరు చలికాలంలో ఎలా వాసనొస్తుందో రాస్తుంది అది. దిద్దలేక చచ్చేదాన్ని."

"సెలవెలా ఉంది?"

"మొదటి నాలుగు రోజులూ ఆరింటికే లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నా, తెరవకుండా. తర్వాత పక్కింటావిడ వచ్చి తిట్టింది. ఇప్పుడు ఎనిమిదింటి దాకా పడుకుంటున్నా. వెనేరా వారానికోసారి ఫోన్ చేస్తుంది. చెయ్యి ఎలా ఉందని అడుగుతుంది, పని మాట ఎత్తదు. జూలైలో నేను తిరిగొచ్చేసరికి ఆ ఏజెన్సీ ఉంటుందో లేదో. నీకేమైనా తెలుసా?"

"తెలియదక్కా."

"నీకూ తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది," అని కుర్చీలో వెనక్కి వాలింది. కింద పెరట్లో ఎవరో తివాచీ దులుపుతున్నారు. ఆ దెబ్బల చప్పుడు ఆగుతూ మళ్లీ మొదలవుతూ ఉంది. నేను పెద్ద ఏజెన్సీవాళ్ల అరగంట గొడవ గురించి చెప్పడం మొదలుపెట్టాను, నవ్విద్దామని. సగంలో చూస్తే ఆవిడ తల పక్కకి ఒరిగి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది.

నా రైలుకి ఇంకా రెండు గంటలుంది. కప్పులు చప్పుడు కాకుండా కడిగి బోర్లించి, వచ్చి మళ్లీ ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.